ప్రాణహితలో మెత్తచిప్ప తాబేలు: గ్రామసభ ముందు ఏం పెట్టాలి?

ప్రశ్న
సిరొంచ మాస్టారు

అందరికీ నమస్కారం. మాది మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకాలో ప్రాణహిత ఒడ్డున ఉన్న చిన్న ఊరు. బడిలో మరాఠీ, ఇంట్లో తెలుగు. బెస్త కుటుంబాలు తరతరాలుగా నదినే నమ్ముకుని ఉన్నాయి. ఈ వేసవిలో మడుగులో వేసిన నైలాన్ వలకు ఒక పెద్ద తాబేలు చిక్కింది. చిప్ప చేటంత వెడల్పు ఉంది, పైన గట్టి పలకలు లేవు, అంచులు తోలులా మెత్తగా వంగుతున్నాయి. తల ఆకుపచ్చ ఛాయలో ఉండి, కళ్ల మధ్య నుంచి మెడ వెనక్కి ఒక నల్లని గీత, దాని నుంచి ఇరువైపులా ఏటవాలుగా చీలిన మరికొన్ని గీతలు కనిపించాయి. వల కోసి దాన్ని నదిలోకే వదిలారు. అయితే అప్పటికే ఎవరో తీసిన ఫోటో వాట్సాప్‌లో తిరిగి, రెండు రోజుల్లోనే బయటి మనిషి ఒకడు ఊరికి వచ్చి, అలాంటివి ఇంకా దొరికితే మంచి ధర ఇస్తానని చెప్పి వెళ్లాడు.

అప్పటి నుంచి ఊళ్లో ఇదే చర్చ. మళ్లీ దొరికితే ఊరి చెరువులో వేసి కాపాడదామని యువకులు అంటున్నారు. కూర్మావతారం కాబట్టి గుడి కోనేరుకు సమర్పించాలని పెద్దలు కొందరు అంటున్నారు. గుడ్లు దొరికితే తెచ్చి బడి ఆవరణలో పొదిగిద్దామని మా పిల్లల కోరిక. త్వరలో జరగబోయే గ్రామసభలో ఇసుక ఘాట్ (నది ఇసుక తవ్వే చోటు) విషయం కూడా రానుంది కనుక, తాబేలు సంగతిని అదే రోజు పెట్టాలని నా ఆలోచన. ఇది నిజంగా అరుదైన జాతేనా? మేడిగడ్డ బ్యారేజీ వచ్చాక నది ఇంత మారిపోయింది కదా, ఒక్క ఊరు చేయగలిగిందేమైనా ఉందా? తెలిసినవారు వివరంగా చెప్పగలరని మనవి.

జవాబు 1
నదీజీవుల పరిశీలకుడు, చంద్రపూర్

మాస్టారూ, మీరు రాసిన తల గీతల వర్ణనను బట్టి అది లీత్ మెత్తచిప్ప తాబేలు అనడానికే ఎక్కువ అవకాశం ఉంది. శాస్త్రీయ నామం నిల్సోనియా లీథీ. జాన్ ఎడ్వర్డ్ గ్రే 1872లో దీన్ని మొదటిసారి వర్ణించి, బొంబాయి సైన్యంలో వైద్యుడిగా పనిచేసిన ఆండ్రూ లీత్ పేరు పెట్టాడు. ప్రపంచం మొత్తంలో ఇది దక్కన్, దక్షిణ భారత నదుల్లో మాత్రమే బతుకుతుంది. గోదావరి, తుంగభద్ర, భవాని, మోయార్ వంటి నదులూ వాటి జలాశయాలూ తప్ప దీనికి వేరే ఇల్లు లేదు. గంగలో ఉండే మెత్తచిప్ప తాబేలు దీనికి దగ్గరి చుట్టమే అయినా జాతి వేరు, కాబట్టి ఇక్కడ పోయినదాన్ని అక్కడి నుంచి తెచ్చి నింపలేము.

ముందుగా ఒక గందరగోళం తీర్చాలి. మన చెరువుల్లో, పొలాల్లో, వానాకాలం రోడ్డు దాటుతూ కనిపించే తాబేలు కూడా మెత్తచిప్పదే. దాన్ని తిరగవేసి చూస్తే వెనుక కాళ్లను మూసే రెండు మడతలు, కిటికీ రెక్కల్లాగా, పొట్టవైపు చిప్పకు అతుక్కుని ఉంటాయి. లీత్ తాబేలుకు ఆ మడతలు ఉండవు. చెరువు తాబేలు ఒక అడుగు దాటి పెరగడం అరుదు, లీత్ తాబేలు చిప్ప అర మీటరు మించి పెరుగుతుంది. లీత్ పిల్లలైతే ఇంకా సులువు: బూడిద రంగు వీపు మీద నల్లని నడిమితో కళ్లలాంటి గుండ్రని మచ్చలు ఉంటాయి, పెరిగేకొద్దీ అవి చెరిగిపోతాయి. గోదావరిలో సన్నని తలతో, పొడవైన మెడతో చిత్రా అనే మరో పెద్ద మెత్తచిప్ప జాతి కూడా ఉంది. దానికి తల చిప్పతో పోలిస్తే చాలా చిన్నదిగా, కళ్లు ముక్కుకు బాగా దగ్గరగా కనిపిస్తాయి. దాన్ని చూసినా ఇదే జాగ్రత్త అవసరం.

అరుదా అన్న ప్రశ్నకు జవాబు సూటిగా చెప్పాలి. అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం దీన్ని అత్యంత ప్రమాదంలో ఉన్న జాతుల వరుసలో ఉంచింది. అడవిలోంచి పూర్తిగా అంతరించడానికి ముందు మెట్టు అదే. గత 30 ఏళ్లలో దీని సంఖ్య సుమారు 90 శాతం పడిపోయిందని అంచనా. ఆ కారణంగానే 2022 నవంబరులో పనామాలో జరిగిన సైటీస్ (అరుదైన జీవుల అంతర్జాతీయ వాణిజ్యాన్ని నియంత్రించే ఒప్పందం) సమావేశంలో భారత్ ప్రతిపాదించి, దీన్ని రెండో అనుబంధం నుంచి మొదటి అనుబంధానికి మార్పించింది. అంటే అంతర్జాతీయ వాణిజ్యం పూర్తిగా నిషిద్ధం. మాంసం కోసం, చిప్ప చుట్టూ ఉండే మృదులాస్థి అంచు కోసం దీన్ని వేటాడతారు. ఆ అంచును ఎండబెట్టి దొంగచాటుగా దేశం దాటిస్తారు. మీ ఊరికి వచ్చిన మనిషి వెనుక ఉన్నది బహుశా ఈ వ్యాపారమే.

ఇప్పుడు అసలు విషయం. తాబేళ్ల జీవితలెక్క కోళ్ల లెక్కలాంటిది కాదు. గుడ్లలో, పిల్లల్లో అత్యధిక భాగం నక్కలకు, ఉడుములకు, అడవిపందులకు, కొంగలకు, పెద్ద చేపలకు పోతుంది, అది ఎప్పుడూ అంతే. ఆ నష్టాన్ని పూడ్చేది బతికి పెద్దదైన ఆడ తాబేలు. అది ఏళ్ల తరబడి ఏటా గుడ్లు పెడుతూ ఉంటేనే రెండో మూడో పిల్లలు పెద్దవై దాని స్థానంలోకి వస్తాయి. అందుకే ఒక మడుగులోంచి ఏడాదికి రెండు మూడు పెద్ద తాబేళ్లను తీసేసినా, పైకి ఏమీ తెలియకుండానే, కొన్నేళ్లకు ఆ మడుగు ఖాళీ అవుతుంది. ఎన్ని గుడ్లు పొదిగించినా ఆ లోటు తీరదు. మీ బెస్తలు ఆ రోజు వల కోసి చేసిన పని, నా దృష్టిలో, ఏ పొదిగింపు కేంద్రమూ చేయలేని పని.

చెరువు, కోనేరు ఆలోచనలను మానుకోమని వినయంగా కోరుతున్నాను. ఇది పారే నీటి జీవి, ఇసుక గట్టు లేని రాతి మెట్ల కోనేట్లో గుడ్లు పెట్టే చోటే దానికి ఉండదు. ఒంటరిగా అక్కడ ఎంతకాలం బతికినా దాని జాతికి మాత్రం అది చచ్చినట్టే లెక్క. శ్రీకూర్మంలో కనిపించే నక్షత్ర తాబేళ్లు నేల మీద తిరిగే జాతి, వాటితో దీన్ని పోల్చకూడదు. భక్తి ఉన్నవారు నదినే కోనేరుగా భావించి కాపాడితే అంతకన్నా మేలైన పూజ ఉండదు.

జవాబు 2
ఆసరెల్లి చేపలవాడు

పై అన్న చెప్పినదాంట్లో వల పట్టేవాడి తరఫున కొంత కలపాలనుకుంటున్నాను. తాబేలు వలలో పడితే చేపలు చెదిరిపోవడమే కాకుండా వల చిరుగుతుంది. ఒక వల నష్టం మా ఇంట్లో వారం తిండి. వల కోసి వదలమని చెప్పడం సులువు, కోసిన వలకు ఎవరు లెక్క కడతారు? కాబట్టి గ్రామసభలో మాట్లాడేటప్పుడు మత్స్య సహకార సంఘం నుంచి గానీ పంచాయతీ నిధి నుంచి గానీ చిరిగిన వలకు ఎంతో కొంత ఇవ్వాలని తీర్మానంలోనే రాయించండి. అది లేకుండా చేసే తీర్మానం మొదటి ఏడాది గౌరవంతో నడుస్తుంది, రెండో ఏడాది నడవదు.

రెండో మాట. రాత్రి వేసి పొద్దున తీసే వలల్లోనే తాబేళ్లు ఎక్కువగా చస్తాయి. నీటిలో కొంత ప్రాణవాయువును చర్మం నుంచి తీసుకోగలిగినా, వలలో పెనుగులాడే తాబేలుకు అది చాలదు, పైకి రాలేక ఉక్కిరిబిక్కిరై పోతుంది. లోతు మడుగుల్లో, అంటే వేసవిలో నది పాయలుగా చీలినప్పుడు మిగిలే ఆ నీటి గుంటల్లో, ఒడ్డు నుంచి ఒడ్డుకు వల కట్టడం మానితే చాలు. వరస గాలాలు కూడా అక్కడ వేయకూడదు. గాలం మింగిన తాబేలు నోటిలోంచి లాగితే లోపల చీలిపోతుంది, తాడును నోటికి వీలైనంత దగ్గరగా కత్తిరించి అటవీశాఖకు అప్పగించడమే మేలు.

పట్టుకునేటప్పుడు జాగ్రత్త. దాని మెడ చూసినదానికంటే చాలా పొడవు. చిప్ప మధ్యలో పట్టుకున్నా తల తిప్పి కొరుకుతుంది. వెనుక కాళ్ల దగ్గర చిప్ప అంచును రెండు చేతులతో పట్టుకుని, తడి గోనె కప్పి, నీళ్లు మింగి సోలిపోయి ఉంటే తల కిందికి వంగేలా ఏటవాలుగా నీడలో ఉంచి, కదలిక వచ్చాక లోతు తక్కువ నీటిలో వదలాలి. సోలిపోయినదాన్ని నేరుగా లోతు నీటిలో వేస్తే మునిగిపోతుంది.

జవాబు 3
రుషికుల్య తీరం, గంజాం

మేము ఒడిశా గంజాం జిల్లా సముద్రతీరపు తెలుగు జాలరులం. ఇక్కడివాళ్లు మమ్మల్ని నోలియాలు అంటారు. రుషికుల్య మొగ దగ్గర సముద్రపు ఆలివ్ రిడ్లే తాబేళ్లు లక్షల్లో వచ్చి గుడ్లు పెడతాయి. పురుణబంధ, గొఖరకుద వంటి ఊళ్ల యువకులు అటవీశాఖతో కలిసి ఏళ్లుగా కాపలా కాస్తున్నారు. పొదిగింపు గురించి మాస్టారి పిల్లలు అడిగారు కాబట్టి, మా అనుభవంలో మీకు పనికి వచ్చేదేదో, పనికి రానిదేదో విడదీసి చెప్పాలనిపించింది.

పనికి రానిది ముందు. మా దగ్గర తాబేళ్లన్నీ ఒకే తీరానికి, కొద్ది రాత్రుల వ్యవధిలో వస్తాయి. కాపలాకు చోటూ, సమయమూ ముందే తెలుస్తాయి. మీ నది తాబేలు ఒంటరిగా, ఎక్కడో ఒక తిన్నె మీద గుడ్లు పెట్టి వెళ్తుంది, కాబట్టి కంచె వేసి కాపలా పెట్టే పద్ధతి మీకు అలాగే కుదరదు. ఇంకో తేడా కూడా ఉంది. సముద్ర తాబేళ్లలో ఇసుక వేడిని బట్టి పిల్ల ఆడదో మగదో తేలుతుంది, అందుకే మేము పొదిగింపు గుంటల నీడ గురించి అంత పట్టుదలగా ఉంటాం. మెత్తచిప్ప తాబేళ్ల కుటుంబంలో అది పుట్టుకతోనే, క్రోమోజోముల వల్లే నిర్ణయమవుతుందని శాస్త్రజ్ఞులు చెబుతారు.

పనికి వచ్చేది ఇది. గుడ్డు పెట్టిన కొద్ది గంటల్లోనే లోపలి పిండం పెంకు పైభాగానికి అతుక్కుంటుంది. ఆ తరువాత గుడ్డును తిప్పినా, దొర్లించినా పిండం చనిపోతుంది. పిల్లలు ప్రేమతో బుట్టలో ఏరుకుని తెచ్చిన గుడ్లు ఆ దారిలోనే పాడైపోతాయి. కాబట్టి దయచేసి గుడ్లను ముట్టుకోవద్దు. గూడు కనబడితే పైన చదునుగా వెదురు తడికో ఇనుప జాలో పరిచి, పిల్లలు బయటికి రావడానికి సరిపడా కన్నాలు ఉండేలా చూసి, అంచులను ఇసుకలో పాతిపెట్టండి. కుక్కలు, నక్కలు తవ్వకుండా ఉండటానికి అది చాలు. మీ బడి పిల్లలకు చేతినిండా పని కావాలంటే, గూడు కనబడిన తేదీ, నీటి అంచు నుంచి దూరం, నీటి మట్టం పెరిగిన రోజు, పిల్లల అడుగుజాడలు కనబడిన రోజు ఒక పుస్తకంలో రాయించండి. మా తీరంలో కూడా అసలు జ్ఞానమంతా అలాంటి పుస్తకాల్లోంచే పోగయింది.

సిరొంచ మాస్టారు

అందరికీ కృతజ్ఞతలు. చేపలవాడన్న చెప్పిన వల పరిహారం సంగతి మా సంఘంలో ఎవరికీ తట్టలేదు, దాన్ని మొదటి అంశంగానే పెడతాను. గుడ్ల విషయం పిల్లలకు చెప్పాను. పుస్తకం రాయడానికి వాళ్లే ముందుకు వచ్చారు. ఇసుక గురించి ఇంకా స్పష్టత కావాలి. నదికి రెండు వైపులా లారీలు తిరుగుతున్నాయి. 2019 జూన్‌లో మేడిగడ్డ మొదలయ్యాక నీరు నిలిపిన కాలంలో మా వైపు తిన్నెలు మునిగాయి. 2023 అక్టోబరులో బ్యారేజీ పియర్లు (స్తంభాలు) కుంగాక గేట్లు తెరిచి ఉంచడంతో తిన్నెలు మళ్లీ తేలాయి. తేలిన ఇసుక తాబేలుకు దక్కేలోపే లారీలకు పోతుందేమోనన్నదే నా భయం.

జవాబు 4
గ్రామసభ మిత్రుడు, అహేరి

ఇసుక విషయంలో మీ చేతిలో మీరు అనుకున్నదానికన్నా ఎక్కువ బలం ఉంది. 1996 నాటి పెసా చట్టం (షెడ్యూల్డు ప్రాంతాల పంచాయతీల చట్టం) ప్రకారం మీ సిరొంచ వంటి షెడ్యూల్డు ప్రాంతంలో ఇసుక వంటి చిన్న ఖనిజాల లీజుకు గానీ వేలానికి గానీ గ్రామసభ లేదా తగిన స్థాయి పంచాయతీ ముందస్తు సిఫారసు తప్పనిసరి. ఇసుకంతా వద్దని తీర్మానిస్తే ఊళ్లో ఇళ్లు కట్టుకునేవారే ఎదురు తిరుగుతారు, కాంట్రాక్టరుకు అదే కావాలి. అందువల్ల ఏ తిన్నెను వదలాలో పేరు పెట్టి, హద్దులు చెప్పి రాయండి: లోతు మడుగును ఆనుకుని ఉన్నవి, వేసవి నీటి మట్టానికి బాగా ఎత్తుగా ఉండి తొలి వరదకు మునగనివి, మధ్యలో పాయ ఉండటం వల్ల పశువులు, కుక్కలు సులువుగా చేరలేనివి. అలాంటి వాటిని వదిలి, మిగిలిన చోట తవ్వుకోనిచ్చినా తాబేలుకు చోటు మిగులుతుంది. తవ్వకం అవసరమైన చోట కూడా నీటి అంచున బండి దారి వేయకూడదని షరతు పెట్టండి, ఎందుకంటే లారీ చక్రం కింద ఇసుక గట్టిపడితే తాబేలు గొయ్యి తవ్వలేదు, తవ్విన గూటిలోని పిల్ల పైకి రాలేదు. ఇసుక వేలానికి ముందు జిల్లా సర్వే నివేదిక ముసాయిదాను అభ్యంతరాల కోసం ప్రజల ముందు ఉంచాలి. మీ తీర్మానం నకలును ఆ సమయంలో కలెక్టరు కార్యాలయంలో ఇచ్చి రసీదు తీసుకోండి.

2006 నాటి అటవీ హక్కుల చట్టం మూడో సెక్షన్ చేపలు, నీటి వనరుల ఉత్పత్తుల మీద సామూహిక హక్కును గుర్తిస్తుంది. ఐదో సెక్షన్ హక్కులు ఉన్న ఊరి గ్రామసభకు వన్యప్రాణులను, నీటి వనరులను కాపాడే అధికారం, బాధ్యత రెండూ ఇస్తుంది. మన జిల్లాలోనే ధానోరా తాలూకా మెండా లేఖా 2009లో సామూహిక అటవీ హక్కు సాధించి, తన అడవికి తానే నియమాలు రాసుకుంది. అక్కడ వెదురుకు రాసుకున్న నియమాలను మీరు మడుగుకు రాసుకోవచ్చు. ఏ మడుగులో ఏ నెలల్లో ఏ వల వేయకూడదో బెస్తలే కూర్చుని నిర్ణయించి, గ్రామసభ దాన్ని ఆమోదించాలి. బయటివారు రాసి ఇచ్చిన నియమం నదిలో నిలవదు.

జీవవైవిధ్య చట్టం కింద పంచాయతీలో ఉండాల్సిన జీవవైవిధ్య కమిటీ రిజిస్టరులో ఈ తాబేలును తప్పక ఎక్కించండి. అయితే గూళ్లు, మడుగుల కచ్చితమైన చోటును బహిరంగ ప్రతిలో రాయవద్దు. మీ వాట్సాప్ ఫోటో చేసిన పని చూశారు కదా. ఫోటో తీస్తే ఒడ్డు, గుడి, వంతెన వంటి గుర్తులు పడకుండా తీసి, అటవీ అధికారికి మాత్రమే పంపాలి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఈ తాబేలును పట్టడం, ఉంచుకోవడం, అమ్మడం అన్నీ నేరాలే. వాస్తు కోసం ఇంట్లో పెట్టుకోవడానికి కూడా మినహాయింపు లేదు. కొనుగోలుదారు మళ్లీ వస్తే ఎవరూ ఎదురు పడి గొడవ పడవద్దు. బండి నంబరు రాసుకుని మహారాష్ట్ర అటవీశాఖ హలో ఫారెస్ట్ నంబరు 1926కు చెప్పండి.

జవాబు 5
శబరి ఒడ్డు, మోటు

మాది ఒడిశా మల్కన్‌గిరి జిల్లా చివర, శబరి, సీలేరు కలిసే చోటు. మా నీళ్లు కూడా చివరికి కూనవరం దగ్గర గోదావరిలోనే కలుస్తాయి కాబట్టి ఈ తాబేలు విషయం మాకూ దగ్గరిదే. ఆంధ్ర వైపు నుంచి మల్కన్‌గిరికి గోతాల్లో తరలిస్తున్న తాబేళ్లను అటవీశాఖ పట్టుకున్న సందర్భాలు ఉన్నాయి. వాటిలో ఎక్కువ చెరువు తాబేళ్లే అయినా, గోతం విప్పి ఒక్కొక్కదాన్ని తిరగవేసి చూడకపోతే లీత్ తాబేలు కూడా ఆ గుంపులోనే లెక్కలో కలిసిపోతుంది. పట్టుబడిన వాటిని ఆ సాయంత్రమే దగ్గర్లోని ఏదో జలాశయంలో వదిలేయడం మంచిదనుకుంటారు. ఎక్కడి నుంచి తెచ్చారో విచారించి, రోగం లేదని పశువైద్యుడు చూసి, అదే నదికి చేర్చడం ముఖ్యం. వేరే నది జాతిని తెచ్చి కలిపితే వాటి రోగాలూ, వాటి సంకరమూ రెండూ ఇక్కడివాటికి అంటుకుంటాయి.

మాస్టారూ, మీ తీర్మానం ప్రతిని అవతలి ఒడ్డు తెలంగాణ ఊళ్లకు కూడా పంపండి. నదికి ఒక వైపు వల ఆపి, మరో వైపు వేస్తే ఆ మడుగుకు కాపు ఉన్నట్టు కాదు. ప్రాణహితకు అటు మంచిర్యాల జిల్లాలో ప్రాణహిత అభయారణ్యం ఉంది, అక్కడి అటవీ సిబ్బందికీ ఒక ప్రతి ఇవ్వండి. కాళేశ్వరం జాతరలకు, పుష్కరాలకు వచ్చే జనం రెండు ఒడ్లవారే కాబట్టి ఆ ఊళ్లతో మీకు చుట్టరికాలు ఉండే ఉంటాయి. ఇంటిపేరు చెప్పి అడిగితే కాగితం కన్నా త్వరగా పని అవుతుంది.

సిరొంచ మాస్టారు

అవతలి ఒడ్డున మా మేనమామగారి ఊరు ఉంది, అక్కడి సంఘం పెద్దతో ఈ ఆదివారం మాట్లాడతాను. తీర్మానంలో మూడు మడుగులు, వాటిని ఆనుకున్న తిన్నెలు, వల పరిహారం ఉంటాయి. చోటు వివరాలు గ్రామసభ పుస్తకంలో కాకుండా విడిగా, అటవీ అధికారికి సీలు వేసిన కవరులో ఇస్తాం. చేపలవాడన్నా, మడుగు నియమాలు రాసే రోజు మీరు ఆసరెల్లి నుంచి ఒకసారి రాగలరా? మా వాళ్లు మాస్టారు చెబితే వింటారు గానీ, వల పట్టేవాడు చెబితే ఒప్పుకుంటారు.

ఆసరెల్లి చేపలవాడు

తప్పకుండా వస్తాను. అమావాస్య దాటాక పెట్టుకోండి, అప్పటికి మా వేట తగ్గుతుంది. మా సంఘం నుంచి ఇద్దరు పెద్దలను కూడా తీసుకొస్తాను, మా వైపు మడుగులకూ అదే నియమం రాయించుకోవాలని ఉంది.